మిద్దె మీద కాపలా

నా చిన్నప్పుడు, మిట్టమధ్యాహ్నం ఎండలో మా మిద్దె మీద నిలబడి నేను ఒక డబ్బా కొట్టాను. కొట్టకుండా ఉండాల్సింది. ఊరి వెనక వంకలో పోతున్న మనిషి ఎవరో తెలియక కొట్టానని మా ఇంట్లో వాళ్లంతా నమ్మారు. అది నిజం కాదు. అది పక్కింటి అక్క అని నాకు తెలుసు. తెలిసే కొట్టాను. ఈ మాట ముందే చెప్పేస్తే తక్కినది రాయడం కొంత సులువవుతుందని ఇక్కడే రాస్తున్నాను.

మాది జమ్మలమడుగుకు కాస్త ఎడంగా ఉన్న నల్లరేగడి పల్లె. ఊరు రెండు పార్టీలు. పార్టీ అంటే ఎన్నికల జెండా అనుకుంటారు బయటివాళ్లు. జెండాలు తర్వాత వచ్చాయి. మా వైపు పెద్దాయన ఒక జెండా పట్టుకుంటే ఎదుటివాళ్లు రెండోది పట్టుకున్నారు, అంతే. అంతకు ముందు నుంచే ఎవరి వీధి వాళ్లది, ఎవరి టీ అంగడి వాళ్లది. మా వీధి మగవాళ్లు చేనికి పోవాలంటే గుంపుగా, కండువాల కింద కొడవళ్లు దాచుకుని పోయేవారు. మా నాన్న గడ్డం గీయించుకుంటున్నా ఎవరో ఒకరు వీధి మొగదల వైపు చూస్తూ నిలబడేవారు.

మగపిల్లలకు కాపలా పని అప్పగించేవారు. పెద్దవాళ్లు మిద్దెక్కితే ఎదుటివాళ్ల కంట్లో పడతారు. గాలిపటం ఎగరేసుకునే పిల్లవాడిని ఎవరూ పట్టించుకోరు. అందుకని వంతుల ప్రకారం మమ్మల్ని ఎక్కించేవారు. చేతికి ఒక ఖాళీ నూనె డబ్బా, ఒక ఇనుప కమ్మీ. మాకు నేర్పింది ఒక్కటే. దారిన వచ్చేవాడిని వదిలెయ్యి, వంకలో నడిచేవాడు ఎవడైనా సరే కొట్టు. వంకలో వాన కురిసిన రోజు తప్ప నీళ్లుండవు. రెండు వైపులా సర్కారు తుమ్మలు. పని మీద వచ్చేవాడు దారిన వస్తాడు, చంపడానికి వచ్చేవాడు తుమ్మల చాటున వస్తాడు అని మావాళ్ల నమ్మకం. ఊరికే కొట్టినా తిట్టేవారు కాదు. కొట్టకపోతేనే తప్పు.

ఆ తప్పు ఎలా ఉంటుందో మాకు తెలుసు. అంతకు ముందు ఏడు పక్కింటి పెద్దనాన్నను శనగచేలో నరికారు. ఆ రోజు మిద్దె మీద ఉన్న పిల్లవాడు ఎండకు సొమ్మసిల్లి నిద్రపోయాడు. వాడిని ఎవరూ ఒక్క దెబ్బ వేయలేదు. కానీ ఆ తర్వాత వాడితో మా వీధిలో ఎవరూ ఆడలేదు. నాకు చావు భయం పెద్దగా ఉండేది కాదు. వాడిలా అయిపోతానేమోనన్నదే నా భయం.

చనిపోయిన ఆ పెద్దనాన్న కూతురే నేను చెబుతున్న అక్క. ఎనిమిదో తరగతి చదువుతుండేది. మా అరుగు బండల మీద బొగ్గుతో నాకు లెక్కలు నేర్పేది. తప్పు చేస్తే తిట్టేది కాదు, "ఈ లెక్క నీ మొగం మాదిరే వంకరగా ఉంది, తుడిపెయ్" అనేది. హైస్కూలు పక్క ఊళ్లో ఉంది. అక్కడికి పోవాలంటే ఎదుటివాళ్ల వీధి దాటాలి. వాళ్ల నాన్న ఉన్నన్నాళ్లు సైకిలు మీద దించి వచ్చేవాడు. ఆయన పోయాక బడి ఆగిపోయింది. చదువు మాన్పించాలని ఎవరూ తీర్మానించలేదు. తోడు పంపడానికి మనిషి లేడు, అంతే. ఇప్పుడు తలచుకుంటే అన్నింటికీ మొదలు అక్కడే అనిపిస్తుంది. బడికి పోయే పిల్లగా ఉన్నన్నాళ్లు ఆమె ఇంకా పిల్లే. ఇంట్లో కూర్చున్న మరుసటి నెల నుంచి అందరి కళ్లకూ ఈడొచ్చిన ఆడపిల్ల అయిపోయింది.

పులివెందుల వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. తెచ్చింది పెద్దాయనే. పెళ్లికొడుకుకు మొదటి భార్య చనిపోయింది. ఆ ఇంటినిండా మగవాళ్లు, జీపులు, తుపాకీ లైసెన్సులు. వాళ్లు మాకు చుట్టాలైతే మా పార్టీకి బలగం పెరుగుతుందని పెద్దాయన ఆలోచన. అక్క వాళ్లమ్మకు ఆ లెక్కలేవీ పట్టలేదు. ఆమెది వట్టి భయం. "మొగదిక్కు లేని ఇల్లు. రేపు నాకేమన్నా అయితే దీన్ని ఎవురు సూస్తారు? ఒక సేతిలో పెట్టేస్తే నేను కండ్లు మూసుకుంటా" అని మా జేజి దగ్గర ఏడ్చేది. జేజి అంటే మా నాయనమ్మ. ఆమె అన్నీ వినేది, ఏమీ అనేది కాదు.

బావి కాడ ఆడవాళ్లు అక్కను ఆటపట్టించడం నేను విన్నాను. "ఏమ్మే, మీసాల మామ వచ్చి సూసిపోయినాడంట, నచ్చినాడా?" అని ఒకామె అడిగింది. అక్క బిందె ఎత్తుకుంటూ, "ఆయప్పకు మా నాయన కంటే ఒక ఏడు ఎక్కువో తక్కువో ఎవురన్నా అడిగి సెప్పండత్తా. నాయనా అనాల్నో మామా అనాల్నో తెల్చల్యా" అంది. నవ్వబోయిన వాళ్లు నవ్వలేకపోయారు.

ఆ రోజు ఎన్నికల గాలి ఊళ్లో మొదలై ఉంది. మగవాళ్లంతా పెద్దాయన పంచలో గుమిగూడి ఉన్నారు. పెళ్లి ఆ వారంలోనే. నేను మిద్దె మీద ఉన్నాను. ఎండకు బండలు కాలుతున్నాయి. తుమ్మల మధ్య రెండు తలలు కదిలాయి. ఒకామె మా ఊరి చిన్నబడి టీచరమ్మ. వాళ్ల ముత్తాతల కాలంలోనే మిషనులో కలిసిన కుటుంబం, చర్చి పక్కన కాపురం. రెండో ఆమె తలకు గుడ్డ చుట్టుకుని ఉంది. ఇద్దరూ ఊళ్లోకి రావడం లేదు. ఊరి నుంచి పోతున్నారు, పొద్దుటూరు బస్సు ఆగే తారురోడ్డు వైపు.

రెండో ఆమె వెనక్కి తిరిగి సరిగ్గా మా మిద్దె వైపు చూసింది. అక్క. నన్ను చూసింది. చెయ్యి పైకెత్తి, వద్దు అన్నట్టు మెల్లగా ఊపింది.

అప్పుడు నా మనసులో ఏముందో ఎన్నో రకాలుగా చెప్పుకున్నాను ఇన్నేళ్లలో. వంకలో కనబడితే కొట్టాలనే కట్టడి ఒకటి. నిద్రపోయిన ఆ పిల్లవాడి ముఖం ఒకటి. పెద్దాయన నన్ను ఒక్కసారైనా పేరు పెట్టి పిలవాలన్న ఆశ ఇంకొకటి. నాకు ఒక్క మాట చెప్పకుండా పోతోందే అన్న ఉక్రోషం కూడా ఉంది, అది చెప్పుకోవడానికి అన్నిటికంటే సిగ్గుగా ఉంటుంది. ఏది ముందు వచ్చిందో తెలియదు. కమ్మీ ఎత్తి కొట్టాను. ఒకసారి మొదలుపెట్టాక ఆపడం తెలియలేదు.

కింద వీధి ఒక్కసారిగా కదిలింది. కొడవళ్లు, కట్టెలు, మా చిన్నాన్న చేతిలో నాటుబాంబుల సంచి. అందరూ వంక గట్టు మీదికి పరుగెత్తారు. నాకు పైనుంచి అంతా కనబడుతోంది. గట్టు మీద చిన్నాన్న చెయ్యి పైకి లేచింది. తుమ్మల చాటున ఎవరున్నారో ఆయనకు తెలియదు. నాకు తెలుసు. నోరు తెరిచాను. అంతసేపు డబ్బా మోగించిన నాకు "అక్క" అనే ఒక్క మాట బయటికి రాలేదు. కింది నుంచి ఆమే అరిచింది.

"నేను సిన్నాయనా, నేను! ఏయొద్దు! టీచరమ్మ ఉంది!"

ఎత్తిన చెయ్యి అలాగే కొంతసేపు గాలిలో నిలిచిపోయింది. ఆ తర్వాత మెల్లగా దిగింది. నా కాళ్ల కింద బండ తడిసిందని అప్పుడు తెలిసింది.

ఇద్దరినీ పెద్దాయన ఇంటి ముందుకు తెచ్చారు. నేనూ మిద్దె దిగి పోయి గుంపులో నిలబడ్డాను. అక్కను వాళ్లమ్మ జబ్బ పట్టుకుని ఒక మూలకు లాక్కుపోయింది. టీచరమ్మ నడిమధ్య నిలబడింది. చీర కుచ్చిళ్ల నిండా తుమ్మముళ్లు.

"యాడికి తీస్కపోతాండావమ్మా మా పిల్లను?"

"బడికప్పా. పొద్దుటూరులో హాస్టలుంది. ఆడ మా సెల్లెలు వార్డెను."

"ఈడ బడి ల్యాదా?"

"ఈడి బడికి మీరు పంపల్యా కదా."

పెద్దాయన గొంతు తగ్గించాడు. ఆయన అరిచినప్పుడు ఎవరూ భయపడేవారు కాదు, గొంతు తగ్గించినప్పుడే భయపడేవారు. "ఎదుటోళ్లు పంపినారా నిన్ను?"

ఆ ప్రశ్నకు అవునని ఎవరైనా అనుకుంటే ఆమె ఆ రోజు ఇల్లు చేరేది కాదు. కాదని చెప్పాలంటే మరి ఎవరు పంపారో చెప్పాలి. టీచరమ్మ నేలవైపు చూస్తూ నిలబడింది. చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కో అడుగు ముందుకు జరుగుతున్నారు. ఎవరో ఆమెను కులం పేరుతో ఒక మాట అన్నారు. ఆమె కళ్లు ఒక్కసారి కూడా మా ఇంటి వైపు తిరగలేదు.

మా జేజి చేతులకంటిన పిండి తుడుచుకుంటూ వచ్చింది. మగవాళ్ల మధ్యలోంచి దారి చేసుకుని వచ్చి టీచరమ్మ చెయ్యి పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టి, తనూ ఆమెను ఆనుకుని కూర్చుంది. మా వీధి ఆడవాళ్లు ఆమెను అంటుకుని కూర్చోవడం అంతకు ముందు నేను చూడలేదు.

"ఎదుటోళ్లు కాదురా, పంపింది నేను. అడిగేదేందో నన్నడుగు."

పెద్దాయన మా జేజికి తమ్ముడి వరస. "ఏందక్కా నువ్వనేది? ఊర్లో మన మర్యాద..."

"మర్యాద నాకు సెప్పొద్దు. నన్ను ఈ వీదికి తెచ్చిన నాటికి నాకు సీర కట్టుకోను రాదు. మొదటి కాన్పు బిడ్డను పూడ్సి పెట్టిన తావులో ఇప్పుడు నీ గడ్డివామి ఉంది. రెండో బిడ్డది దాని పక్కనే. మొగోళ్లు, మీకు గుర్తుండవులే. ఈ పిల్లను అట్ల పంపొద్దు."

పెద్దాయన చాలాసేపు కండువా అంచు వేళ్లకు చుట్టుకుంటూ కూర్చున్నాడు. చివరికి టీచరమ్మను వదిలెయ్యమన్నాడు, మళ్లీ ఈ ఊళ్లో కనబడొద్దన్నాడు. పెళ్లి మాత్రం ఆగదన్నాడు. "ఆ పక్కోళ్లకు మాటిచ్చినా. ఇప్పుడు ఎనక్కి పోతే రేపు మనతో ఎవురు నిలబడ్తారక్కా?" అన్నాడు. ఆ మాటలో కోపం కంటే భయమే ఎక్కువ వినిపించింది నాకు. ఆ వీధిలో అందరినీ నడిపింది అదే. కొడవలి పట్టుకున్నవాడికీ అదే, కూతురిని పంపేసే తల్లికీ అదే, మిద్దె మీద నాకూ అదే.

లేచి పోతూ ఆగాడు. "డబ్బా కొట్టింది ఎవుడురా?" అందరూ నా వైపు చూశారు. దగ్గరికి పిలిచి నా తల మీద చెయ్యి వేశాడు. "వీనికి డేగ కండ్లురా" అన్నాడు. అలాంటి మాట కోసం నేను నెలల తరబడి ఎదురుచూశాను. మూలన ఉన్న అక్క నన్నే చూస్తోంది. తను చెయ్యి ఊపిన సంగతి అప్పుడు చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు.

సాయంత్రం జేజి నాకు అన్నం కలిపి పెడుతూ అడిగింది. "వంకలో ఎవురో నీకు తెలిసినారా నాయనా?"

"తెల్లా జేజీ. తుమ్మల్లో కనపడల్యా."

"అదేలే. తెలిసింటే నువ్వు కొట్టుండవు. నువ్వు అట్లాంటోనివి కాదు" అని ముద్ద నోట్లో పెట్టింది. రెండు తగిలించి ఉంటే ఏడ్చి మరిచిపోయేవాడిని. ఆమె నమ్మింది. నేను కాని పిల్లవాడిని నాలో చూసి, వాడికి అన్నం పెట్టింది. ఆ ముద్ద మింగడం ఎంత కష్టమైందో ఇప్పటికీ గుర్తుంది. మనిషిని నమ్మడం అంటే అతని మీద ఎంత బరువు పెట్టడమో ఆ పూట నేర్చుకున్నాను. ఆమె చనిపోయేదాకా అదే నమ్మకంతో ఉంది. నేను ఆమెకు నిజం చెప్పనే లేదు.

పెళ్లి అనుకున్న రోజుకంటే ముందే జరిగింది. ముందొక జీపు, వెనకొక జీపు, నడుమ అక్క. మరుసటి ఏడు కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నొప్పులు మొదలైన రోజే రోడ్డు మీద రెండు పార్టీలకూ గొడవ జరిగి బండ్లు ఆగిపోయాయి. జమ్మలమడుగు ఆసుపత్రికి చేరేసరికి బిడ్డ దక్కలేదు. తర్వాత ఇంకొకటి నిలవలేదు. ఆమె నడుము అప్పటినుంచి సరిగ్గా నిలవదు. తన ఈడు పిల్లలకు ఇంకా సంబంధాలు చూస్తున్న వయసుకే ఆమె భర్త కోర్టు వాయిదాకు పోయి వస్తూ హతమయ్యాడు. ఆ తర్వాత వచ్చిన ఎన్నికల్లో ఆ ఇంటివాళ్లు జెండా మార్చి మా ఎదుటివాళ్లతో కలిసిపోయారు. ఏ బలగం కోసం అక్కను పంపారో ఆ బలగమే మా మీదికి వచ్చింది.

నేను పది పాసై బస్సు కండక్టరునయ్యాను. అక్క పొద్దుటూరు చేరి జాకెట్లు కుట్టడం నేర్చుకుంది. నా బస్సు ఎక్కినప్పుడల్లా ముందు సీటు ఖాళీ చేయించి కూర్చోబెట్టేవాడిని. అంతకు మించి ధైర్యం రాలేదు. ఉద్యోగం నుంచి దిగిపోయాక ఒక ఉదయం ఆమె అద్దె గదికి పోయి, కుట్టు మిషను ముందు కూర్చున్న ఆమెకు అంతా చెప్పాను. ఆమె పెడలు తొక్కడం ఆపలేదు.

"ఆ సంగతి నాకు తెల్దా ఏందిరా? నేను సెయ్యి ఊపినా, నువ్వు సరేనని తల ఊపినావు. ఊపి కొట్టినావు."

తల ఊపిన సంగతి నాకు గుర్తులేదు. నా జ్ఞాపకం ఆ ఒక్క ముక్కను నా కోసం దాచిపెట్టింది కాబోలు. మరి జేజికి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఆ యమ్మ ఒక్క దినంలో రెండు దెబ్బలు తట్టుకోల్యాదు. అందుకని" అంది. దారం తెంపి, నన్ను తేరిపార చూసింది. "ఇన్నేండ్లకు నాకు సెప్పి ఏం సేస్తావు? నా కాడ అయిపోయింది. అయిపోని తావులో పోయి సెప్పు."

షెల్ఫులోంచి ఎర్ర పట్టు గుడ్డ, దానికి చుట్టిన పాత జాకెట్టు తీసి నా ముందు పరిచింది. పెళ్లి జాకెట్టు కుట్టమని ఎవరో ఇచ్చిపోయారట. ఆ కొలత జాకెట్టు నా అరచేతులు రెండూ పక్కపక్కన పెడితే సరిపోయేటట్టు ఉంది. "తొమ్మిదో తరగతి ఉంటాదేమో. రాజుపాలెం దిక్కు. నువ్వు టికెట్లు కొట్టిన దావే. నువ్వు పోయొచ్చే దాకా నేను దీన్ని కత్తిరించను" అంది.

పోయాను. ఆ పిల్ల తండ్రి కువైట్‌లో ఉన్నాడు. తల్లి ఒక్కతే ఇంట్లో. నన్ను బస్సులో చూసిన గుర్తుతో మంచం వేసింది. నేను ఇప్పుడు రాసినదంతా ఆమెకు చెప్పాను, తల ఊపిన సంగతితో సహా. ఆమె వింటూ వింటూ కళ్లు తుడుచుకుంది, చివరికి కోపం తెచ్చుకుంది.

"కత లెస్సగానే సెప్తివి మామా. పిల్ల బడికి పోయే దావలో ఎవురో బండ్లేసుకోని ఎంటపడ్తాండారు. వాళ్ల నాయన యాడనో ఉండాడు. నేను గేదెల్ని సూసుకోవాల్నా, దీని ఎంట తిరగాల్నా? రేపు దానికేమన్నా అయితే నువ్వొచ్చి నిలబడ్తావా?"

నిలబడతానన్నాను. ఆమె నమ్మలేదు. "సూద్దాం, ఎన్నాళ్లు నిలబడ్తావో" అంది.

మరుసటి ఉదయం మొదటి బస్సుకు పోయాను. ఆ పిల్ల నన్ను చూసి మూతి ముడుచుకుని, తనతో సంబంధం లేని మనిషి వెనక వస్తున్నట్టు గబగబా ముందు నడిచింది. బండ్ల మీది కుర్రాళ్లు "ఎవురు తాతా, కొత్తగా ఉండావు?" అని నవ్వారు. ఈ దారిన పోయే ముసలోణ్ని అన్నాను. బడి గేటు దాకా పోయి, సాయంత్రం మళ్లీ అదే గేటు దగ్గర నిలబడ్డాను. వానొచ్చినా, మోకాళ్లు నొచ్చినా ఆ ఏడంతా మానలేదు. దసరా సెలవుల తర్వాత తల్లే పొద్దుటూరు పోయి ఎర్ర గుడ్డను వెనక్కి తెచ్చుకుంది. పిల్ల పది పరీక్షలు రాసి ఇప్పుడు ఇంటర్లో ఉంది.

ఆ తల్లి మాట విని వాళ్ల వీధిలో ఇంకో ఇద్దరు తమ పిల్లలను నాతో పంపడం మొదలుపెట్టారు. వద్దని నా ముఖం మీదే తలుపు వేసినవాళ్లూ ఉన్నారు. అలాంటి చిన్న కొలత జాకెట్టు వచ్చినప్పుడల్లా అక్క కబురు పంపుతుంది, ఫలానా ఊరు అని. ఆ ఊరికి పోయి కూర్చుని ఇదంతా మొదటినుంచి చెబుతాను. రేపు సోమవారం బడి ఉంది. పొద్దున్నే పోవాలి. పిల్లలు ముందు నడుస్తారు, నేను వెనక నడుస్తాను.